తోక లేని గొడుగులు

బుట్ట అడుగున మిగిలిన పుట్టగొడుగును తిరగేసి చూశాను. పైన తెల్లగా, మీగడలా ఉంది. కింది రేకుల్లో మాత్రం సన్నటి పచ్చదనం, పెసరపిండి చల్లి దులిపేసినట్టు. రాస్తే వేలికి అంటింది. తినే గొడుగుకు ఈ పచ్చ ఉండదు. వెనక వంటింట్లో పిల్లలిద్దరూ అప్పుడే తిని లేచారు. మా అత్త కూరగిన్నె మీద మూత పెడుతోంది.

ఆ రోజు నాగపంచమి. పండుగకని నాందేడు నుంచి దెగ్లూర్ దగ్గరి మా అత్తగారి ఊరికి వచ్చాం. ఆయనకు సెలవు దొరకలేదు. పిల్లలను తీసుకుని నేనే బస్సెక్కాను. కూతురికి అప్పుడు ఏడేళ్లు, కొడుక్కి నాలుగు. శ్రావణంలో ఆ ఇంట్లో మాంసం ముట్టరు. ఉరుములతో వాన పడ్డాక చేను గట్టు మీది పుట్టలో గొడుగులు లేస్తే, ఆ కూరతోనే అందరి నోటి కోరికా తీరేది.

పొద్దున అత్త పుట్టకు పాలు పోయడానికి వెళ్తూ మనవరాలిని వెంట తీసుకెళ్లింది. "పీకకు బిడ్డా. ఇయ్యాల మట్టి కదిలియ్యద్దు, మీదికెల్లి తుంచు," అని నేర్పింది. పంచమినాడు ఆ ఊళ్లో నేల తవ్వరు, కత్తి పట్టరు. నాగన్నకు తగులుతుందని భయం. కూర కూడా ఆమె చేత్తో తుంచే వండింది. పూజ కాగానే అత్త ముందు ఇల్లు చేరింది. పిల్ల బుట్ట నింపుకుని తర్వాత వచ్చింది.

నేను డిగ్రీలో వృక్షశాస్త్రం చదివాను. పుట్ట మీద లేచే గొడుగుకు కింద వేరు లాంటి పొడవాటి తోక ఉంటుందనీ, అది చెదల గూటి దాకా దిగుతుందనీ మా మేడమ్ బోర్డు మీద గీసి చూపించింది. ఇప్పుడు నా చేతిలో ఉన్నది తుంచిన గొడుగు. చూడవలసినదేదో అది నేలలోనే ఉండిపోయింది.

"అత్తమ్మా, ఇవన్నీ పుట్ట మీదియేనా?"

"మరి ఏడియి? వెండి ఉంగరం ఏసి ఉడకబెట్టిన. నల్లగయిందా? ఇగో, చూడు."

"ఉంగరంతోని తెల్వదత్తమ్మా. కూర ఇంకెవ్వరు తినద్దు."

"పండుగపూట కూర పారబోస్తవా? మీ కాలేజీల గొడుగుల సంగతి గూడ చెప్పిండ్రు గని, అన్నం మెత్తగ వండుడు ఒక్కటి చెప్పలే!"

నేను కూతురి దగ్గరికి వెళ్లాను. తలుపు చాటున నిలబడి కాలి బొటనవేలితో నేల గీస్తోంది.

"అన్నీ పుట్ట మీదనే తుంచినవా బిడ్డా?"

"అన్నీ ఆడియే."

"నిజంగనా? నా మొఖం చూసి చెప్పు."

నా గొంతు పెరిగిన కొద్దీ దాని మాట చిన్నదైంది. "ఆడియేనమ్మా... నేనైతే తినలే. నోట్ల జారుడు జారుడుగ ఉన్నది. నా పళ్లెంలయి తమ్మునికి ఏసిన."

కొడుకు వాకిట్లో జొన్నపేలాలు ఏరుకుని తింటున్నాడు. వాడిని చూస్తే ఏమీ లేదు. బండి కట్టమని మరిదిని అడిగితే అత్త అడ్డం పడింది. "మంచిగ ఆడుకుంటున్న పిల్లగాన్ని ఏ రోగమని తీస్కపోతవు?" మరిది ఇద్దరి వైపూ చూసి, "వాగు నిండుతున్నది వదినె. పోతే ఇప్పుడే పోవాలె. నిజంగ అవసరమైతేనే చెప్పు," అన్నాడు.

గొడుగులు పుట్ట మీదివే అయితే భయం లేదు. కాకపోతే ఆగడానికి వీల్లేదు. కలుపు తీసే ఖుర్పి ఒకటి గోడకు వేలాడుతోంది. దాన్ని కొంగులో దాచుకుని చేనుకు నడిచాను.

పుట్ట మీద పసుపు, కుంకుమ, ఇంకా ఆరని పాలు. పాలలో చీమలు. చుట్టూ ఎవరూ లేరు. అయినా ఎవరో చూస్తున్నట్టే ఉంది. పిల్ల తుంచగా మిగిలిన మొదళ్లు గుప్పెడు కూడా లేవు. ఒకదాని పక్కన ఖుర్పి దించాను. తడిమట్టి చప్పుడు లేకుండా విడిపోయింది. మొదలు కింద తెల్లటి తోక సన్నబడుతూ, ఎంత తవ్వినా ఇంకా కిందికే పోతోంది. ఇవి తినేవే. కానీ బుట్ట నిండాలంటే ఈ గుప్పెడు చాలదు.

తిరిగి వస్తూ పశువుల కొట్టం వెనక ఆగాను. పెంట కుప్పకు అవతల గడ్డిలో తెల్లటి గొడుగులు, ఎవరో గిరి గీసి నాటినట్టు గుండ్రంగా. ఒకదాన్ని పట్టుకుంటే, నేల మీద ఊరికే పెట్టినట్టు చేతిలోకి వచ్చేసింది. అడుగున ఉబ్బిన గడ్డ. తోక లేదు. రేకుల్లో ఆ పచ్చదనమే. చాలా వాటికి తలలు లేవు. గిరి మధ్యలో బురదలో చిన్న పాదాల గుర్తులు.

పరుగెత్తాను. వాకిట్లో అత్త నా చేతిలోని ఖుర్పిని చూసింది, దానికి అంటిన పుట్టమన్నును చూసింది.

"పంచమినాడు పుట్ట తవ్వినవా! పిల్లల తల్లివేనా నువ్వు?"

ఆ మాట పూర్తికాక ముందే కొడుకు అరుగు మీద వంగి భళ్లున కక్కుకున్నాడు.

ఆ తర్వాత నాకు గుర్తున్నవి కొన్నే. చక్రాలకు చుట్టుకునే నల్లమట్టి. వాగులో ఎద్దుల పొట్టల దాకా వచ్చిన నీళ్లు. నా ఒడిలో అంతకంతకూ తేలికైపోతున్నట్టు అనిపించిన పిల్లవాడు. దెగ్లూర్‌లో డాక్టరు, నేను కొంగున మూటగట్టి తెచ్చిన గొడుగును దీపం కింద తిప్పి చూసి, ఇది విషపుదేనన్నాడు. సెలైన్ ఎక్కించి, "ఘాబరూ నకా బాయి," అని ధైర్యం చెప్పాడు. భయపడనిది ఎట్లా? తెల్లారేసరికి వాంతులు ఆగాయి. వాడు కళ్లు తెరిచి జొన్నపేలాలు అడిగాడు.

మొదటి బస్సుకు అత్త నా కూతురిని తీసుకుని వచ్చింది. పుట్ట మీది పసుపు తెచ్చి మనవడి నుదుటికి పెట్టింది. పక్క మంచాల వాళ్లకు చెప్పడం మొదలుపెట్టింది. "కోడలు పుట్ట తవ్వింది. నాగన్న పిల్లగాని మీద చూపిచ్చిండు." నేను తవ్వడం ముందు, వాడు కక్కుకోవడం తర్వాత. ఆ వరసను ఎవరు కాదనగలరు?

కూతురు మంచం పట్టె పట్టుకుని నిలబడింది. రాత్రంతా ఏడ్చినట్టుంది, కళ్లు ఉబ్బి ఉన్నాయి. నా చెవి దగ్గరికి వచ్చి అడిగింది. "నాగన్నకు కోపమొచ్చి అయిందా అమ్మా? నేను తెచ్చినవాటితోని అయిందా?"

దాని పాదాల వేళ్ల సందుల్లో ఇంకా కొట్టం వెనకటి బురద ఉంది.

ఇప్పుడు మేము నాందేడులోనే ఉన్నాం. ఇది రాస్తుంటే బయట ఉరుముతోంది, పిల్లలు నిద్రపోతున్నారు. రేపు పెరటి గడ్డిలో ఏవో తెల్లగా లేస్తాయి. కూతురు వాటి వైపు చూడకుండా చుట్టూ తిరిగి బడికి పోతుంది. నాగన్న కోపాన్ని నేను నమ్మను. అయినా పంచమి వచ్చిందంటే నిద్రపోతున్న కొడుకు నుదురు తాకి చూస్తాను, మరోసారి లేచి మళ్లీ తాకి చూస్తాను. ఆ పొద్దున ఆసుపత్రిలో నేను కూతురికి చెప్పిన మాట ఎవరైనా విని, గుర్తు పెట్టుకున్నారేమోనని.

కూతురు అలా అడిగిన ఆ పొద్దున, డాక్టరు చెప్పింది నాకు తెలుసు. గొడుగులతోనే అని చెబితే, తమ్ముడి పళ్లెంలో వేసిన ఆ ముక్కలను ఈ పిల్ల జన్మంతా మోయాలి. చెప్పకపోతే మళ్లీ ఒక వానాకాలం వస్తుంది. దాన్ని ఎత్తి తమ్ముడి పక్కన కూర్చోబెట్టాను.

"నీతోని కాదు బిడ్డా. పంచమినాడు పుట్ట తవ్వింది నేను. ఇద్దరు ఇనుండ్రి. ఇగ తెల్లగొడుగు ఏడ కనబడ్డా ముట్టద్దు, నన్ను పిలువుండ్రి. తవ్వి తోక చూసేది నేనే. కోపమొస్తే నా మీదికే రానీ."