మా నాయన రాలేదన్న మిషన్

నంద్యాలలో ఏటా జరిగే హ్యాకర్ల సభకు ఇక నన్ను రానీయరట. గ్రూపులో మెసేజ్ పెట్టారు. "సభకు అంతరాయం కలిగించినందువల్ల" అని మొదలుపెట్టి, చివర రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి తగిలించారు. ఆ బొమ్మ చూసి నాకు ఒళ్లు మండింది. వెలేసేవాళ్లు వెలేయండి, మళ్లీ ఆ దణ్ణం దేనికి?

హ్యాకర్లంటే ఫోన్ చేసి ఓటీపీ అడిగే దొంగలనే చాలామంది అనుకుంటారు. సభ కోసం కల్యాణ మండపం మాట్లాడడానికి వెళ్తే అక్కడి మేనేజరు కూడా "ఏందమ్మా, దొంగలకు గూడా మీటింగులుంటాయా?" అన్నాడు. మేం దొంగలం కాదు. తాళంలో లోపం ఎక్కడుందో దొంగకంటే ముందే కనిపెట్టి, తాళం చేసినవాడికి చెప్పేవాళ్లం. నేను బెంగళూరు కంపెనీ ఒకదానికి నంద్యాలలో ఇంట్లోంచే పనిచేస్తాను. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడమే నా ఉద్యోగం. తప్పు దొరికిందని బజారున పడి అరవకూడదు. ముందు ఆ కంపెనీకే గుట్టుగా చెప్పాలి, వాళ్లు సరిచేసుకునేదాకా ఆగాలి. అది మాలో మర్యాద. ఆ మర్యాద పాటించే నేను చెడిపోయాను.

మా నాయనది ఆళ్లగడ్డ. విగ్రహాలు చెక్కే శిల్పి కాదు, చెక్కడం అయ్యాక రాయిని అరగదీసి నునుపు చేసే కూలి. వారమంతా దేవుళ్ల బుగ్గలకు నునుపు పెట్టి, ఆదివారం మాతోపాటు చర్చికి వచ్చేవాడు. ఊళ్లో ఎవరికీ అందులో వింత కనపడలేదు. ఆ రాతి దుమ్ముకు ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. రాయితోపాటు వేళ్లు కూడా అరిగి నున్నబడ్డాయి. బొటనవేలు చూస్తే ఒక్క గీత కనపడదు.

రేషన్ షాపులో వేలిముద్ర పడితేనే బియ్యం. అమ్మ చనిపోయింది, పెళ్లయ్యాక నా పేరు ఆ కార్డులోంచి తీసేశారు. ఇక మిగిలింది నాయన ఒక్కడే. బియ్యమైతే నేను కొనిస్తాను, దానికింత రాద్ధాంతం అక్కర్లేదు. కానీ ఆయన దగ్గుకు ఉచితంగా వైద్యం జరిగేది ఆ కార్డు మీదే. మందులు, పరీక్షలు, ఊపిరాడనప్పుడు ఆసుపత్రిలో చేర్చుకోవడం, అంతా ఆ కార్డు చూపిస్తేనే. కార్డు పోతే ఆ ఖర్చు భరించే స్తోమత నాకు లేదు. నా ఒక్క జీతంతో రెండిళ్లు నడుస్తున్నాయి.

ఒక నెల నేను కూడా ఆయన వెంట షాపుకు వెళ్లాను. డీలరు మంచివాడే. నాయన వేలు తుడిచి, గుడ్డతో అద్ది, మళ్లీ మళ్లీ పెట్టించాడు. పడలేదు. మిషన్ మీద ఇక ఒకే ఒక్క మీట మిగిలింది: 'తర్వాతి వ్యక్తి'. "పక్కన నిలబడు పెద్దాయనా, ఎనకాల లైనుండాది" అన్నాడు. నాయన ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని పక్కకు జరిగాడు. డీలరు మీట నొక్కాడు. నొక్కగానే మిషన్ నాయన పేరు ముందు ఏం రాసుకుందో చూసి నేను నిర్ఘాంతపోయాను. వేలిముద్ర పడలేదని కాదు, 'రాలేదు' అని రాసుకుంది. మనిషి ఎదురుగా నిలబడి దగ్గుతున్నాడు, మిషన్ మాత్రం ఆయన రాలేదంటోంది! అంతకు ముందు నెల కూడా అదే రాసి ఉంది. వరసగా మూడు నెలలు రాకపోతే ఆ మనిషి ఊళ్లో లేడని కార్డు తీసేస్తారు.

"ఆ మీట నొక్కంగనే నువ్వు రానట్టు లెక్క నాయనా. రేపు నెల గూడా నొక్కితే కార్డు పోతాది" అని ఇంటికొచ్చాక విడమరిచి చెప్పాను.

"ఏం జేస్తాం పాపా. ఎనకాల జనముండారు గదా, లైను ఆపుకుంటామా?" అన్నాడు. ఆయనంతే. బస్సులో ఎవరైనా కాలు తొక్కితే తనే 'అయ్యో' అని కాలు వెనక్కి తీసుకుంటాడు.

మిషన్లు చేసిన కంపెనీకి రాశాను. మీ సాఫ్ట్‌వేర్‌లో 'వచ్చాడు, వేలు పడలేదు' అనే మీట ఒకటి తక్కువైంది, దానివల్ల వచ్చినవాళ్లు రానివాళ్లయిపోతున్నారు, ఇదిగో వీడియో అని పంపాను. మీ ఫిర్యాదు అందినదని ఒక జవాబు. మళ్లీ రాశాను, మళ్లీ అదే జవాబు. మండలాఫీసులో అడిగితే "మిషన్ రాలేదంటే రాలేదేనమ్మా, మా చేతుల్లో ఏం లేదు" అన్నారు. దున్నపోతు మీద వాన కురిసినట్టే. అప్పుడు తెలిసింది, ఆ కంపెనీ పెద్ద ఆఫీసరే ఈసారి మా సభకు ముఖ్య అతిథి అని.

మా సభ నడిపేది ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్ ఒకాయన, మేమందరం అన్నా అంటాం. పోయినేడు ఒక తరగతి గదిలో నేల మీద కూర్చుని, ఇంటి తాళాలు సూదులతో తెరిచి, సమోసాలు తిని ఇళ్లకు పోయాం. ఈసారి భోజనాల ఖర్చు ఆ కంపెనీ పెట్టుకుంది, కాబట్టి కల్యాణ మండపం. వేదిక మీద పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చునే ఎర్ర మఖమలు సింహాసనాలు. "నీకు పదకొండున్నరకు ఇరవై నిమిషాలు ఇస్తాండా మా, ఆయన ముందరే చెప్పు, ఆడికాడే తేలిపోతాది" అని అన్న మాటిచ్చాడు. నాయనను ఆళ్లగడ్డ నుంచి పొద్దున్నే బస్సులో తీసుకొచ్చాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక వరసలో కూర్చున్నాడు.

అతిథి రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. ఒక్కరు కిక్కురుమనలేదు. తర్వాత జ్యోతి వెలిగించడం, అగ్గిపుల్ల ఆరిపోవడం, ఫోటోగ్రాఫరు కోసం మళ్లీ వెలిగించడం. తర్వాత శాలువాలు. ఒకరికి కప్పితే ఇంకొకరికి కోపమని వేదిక మీదున్నవాళ్లందరికీ కప్పారు, మైకు అద్దెకిచ్చినాయనకు కూడా. అతిథి ముక్తసరిగా రెండు మాటలంటూ లేచి గంటసేపు మాట్లాడాడు. మా మిషన్లో తప్పు జరగదు అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మెట్ల దగ్గరే కాచుకుని కూర్చున్నాను. అంతలో యాంకరు పిల్ల 'సమయాభావం వల్ల' అంది. మన సభల్లో ఈ మాట విన్నామంటే అసలు పని ఇక జరగదన్నమాటే.

అన్న దగ్గరికి పరిగెత్తాను. "సారు బెలుం గుహలు చూడల్లంటాండాడు మా. కారు రెడీగా ఉండాది. నీది భోజనాలైనంక పెట్టుకుందాం, కావల్లంటే గంట తీసుకో" అన్నాడు.

"ఆయన లేకుండా గంట నాకెందుకన్నా? గోడకు చెప్పుకోవల్లనా? ఆయనుండంగ ఐదు నిమిషాలు ఇయ్యి, చాలు."

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతాది. నిదానంగా మెయిల్ పెట్టు, నేనూ చెప్తా" అన్నాడు.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడిగి అడిగి నోరు పోయింది గదన్నా!"

అతిథి చేతికి ఆళ్లగడ్డ విగ్రహం ఒకటి జ్ఞాపికగా ఇస్తున్నారు. దాన్ని నునుపు చేసిన చేతులు ఎవరివో, మా నాయనవే అయినా ఆశ్చర్యం లేదు. నేను ఇక ఆగలేకపోయాను. మెట్లెక్కి యాంకరు చేతిలో మైకు లాక్కున్నాను. "సార్, మీ మిషన్ మా నాయన రాలేదంటాంది. ఆయన ఈడనే ఉండాడు. ఒక్క నిమిషం చూసి పోండి" అన్నాను. మీట సంగతి, కార్డు సంగతి గబగబా చెబుతుండగానే మైకు ఆగిపోయింది. వైరు పీకింది అన్నే. నేను గొంతు చించుకుని "నాయనా, ఈడికి రా!" అని పిలిచాను.

మండపమంతా వెనక్కి తిరిగింది. నాయన లేచి నిలబడ్డాడు. అంతమంది తనవైపే చూస్తుంటే చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "సారుకు పొద్దుపోతాంది, పోనీ పాపా" అని మళ్లీ కూర్చున్నాడు. ఎవరో నవ్వారు. అతిథి కూడా నవ్వి, "చాలా మంచి పాయింటమ్మా, ఒక మెయిల్ పెట్టండి" అని విగ్రహం చంకన పెట్టుకుని కారెక్కి వెళ్లిపోయాడు.

భోజనాల దగ్గర నా మీద పంచాయితీ. అన్న ప్లేటు చేత్తో పట్టుకుని, "నిరసన వేరు, అంతరాయం వేరు. నిరసనంటే చెప్పే మాట పదిమందికి అర్థం కావల్ల. నువ్వు చేసింది సభను చెడగొట్టడం" అన్నాడు.

"రెండు గంటలు ఆలస్యంగా వచ్చినాయన సభను చెడగొట్టలేదా? ఆయనకు శాలువా, నాకు చీవాట్లా?" అన్నాను. అన్న ప్లేటు పట్టుకుని బిర్యానీ వైపు నడిచాడు.

ఇంకోపక్క నల్ల టీషర్టు వేసుకున్న విద్యార్థి ఒకడు నా చెవిలో, "అక్కా, నువ్వు ఊ అను. మనోళ్లు ఇరవైమంది ఉండారు. కంపెనీ సైటు ఇప్పుడే పడగొడతాం. ఒక దినం మూతపడితే వాళ్లే కాళ్లబేరానికొస్తారు" అన్నాడు. వాణ్ణి చూసి ఇంకా మండింది.

"సైటు పడగొడితే మిషన్లన్నీ ఆగిపోతాయి. పాములపాడులో యాడో ఒక ముసలామె సంచి పట్టుకొని నిలబడి ఉంటాది, ఆమె కూలి పోతాది. ఆమె నీకు కనపడ్తాదా?" అన్నాను. "మా ఊర్లో హైవే మీద రాస్తారోకో చేసేటోళ్లు గూడా అంబులెన్సు వస్తే కంపలు పక్కకు లాగుతారు. నేను ఆపింది ఒక్క మనిషిని. మొగం చూసి ఆపినా. నువ్వు ఆపేది ఎవరినో నీకే తెలీదు."

వాడు మూతి ముడుచుకుని వెళ్లిపోయాడు. ఆ పొద్దు నాకు ఇద్దరూ దూరమయ్యారు, మర్యాద నేర్పేవాళ్లూ, మంట పెట్టేవాళ్లూ.

ఆళ్లగడ్డ బస్సులో నాయన, "పిలిస్తే రాలేదని కోపమా?" అన్నాడు. అవునన్నాను. అబద్ధం చెప్పే ఓపిక లేదు. నీ కోసమే కదా నేను అందరిలో నవ్వులపాలయ్యింది, నువ్వే సారును పోనిమ్మన్నావని కడిగేశాను. ఆయన దగ్గుతూ విన్నాడు. తర్వాత, "ఆ మీట నొక్కితేనే గదా నేను రానట్టు?" అని ఒక్కటే అడిగాడు. వందసార్లు చెప్పినా కదా నాయనా అని విసుక్కున్నాను.

వారం తిరక్కుండా కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. మీ సమస్య పరిష్కరించబడినది, ఫిర్యాదు మూసివేయడమైనది అని. నేను తెలిసిన డీలరు ఒకాయన్ని అడిగి మిషన్ చూశాను. మిషన్లో ఏమీ మారలేదు. అదే ఒక్క మీట.

మరుసటి నెల, అంటే ఆ మూడో నెల, రేషన్ ఇచ్చే రోజున డీలరు ఫోన్ చేశాడు. "అమ్మా, మీ నాయన మిషన్ ముందర కూచున్నాడు. వేలు పడలే, పక్కకు పొమ్మంటే పోడు. లైనంతా ఆగిపోయింది. నువ్వు బిరీన రా."

నేను చేరేసరికి షాపు ముందు గొడవగా ఉంది. నాయన బల్ల ముందు ఒక బస్తా మీద కూర్చుని ఉన్నాడు. అరచెయ్యి ఆ మిషన్ మీద బోర్లించి పెట్టాడు, మీట కనపడకుండా. డీలరు తలపట్టుకుని నిలబడ్డాడు. "ముసలోడికి మతి పోయిందా?" అని వెనక నుంచి ఎవరో అరుస్తున్నారు.

నన్ను చూసి నాయన మెల్లగా అన్నాడు, "వీళ్లు నొక్కకపోతే నేనింకా వచ్చినట్టే గదా పాపా? నొక్కనీయను."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, ఆయన మీద కాదు. వెనక చూస్తే లైను వీధి మలుపుదాకా ఉంది. పొలం పని మానుకుని వచ్చిన ఆడవాళ్లు, చంకలో బిడ్డతో ఒకామె, నాయన ఈడువాళ్లే ఇద్దరు ముగ్గురు. ఎవరిని ఆపకూడదని ఆ విద్యార్థికి బుద్ధి చెప్పానో సరిగ్గా వాళ్లే. అందరి మొహాలూ నాకు తెలుసు. అందరూ మా ఊరివాళ్లే.

"సదువుకున్నదానివి, నువ్వన్నా మీ నాయనకు చెప్పు మా" అన్నాడు డీలరు. నాయన చేతి మీద చెయ్యి వేశాను. తీసేయమని చెప్పడానికే వేశాను. వేళ్లు చల్లగా, నున్నగా ఉన్నాయి. చెప్పలేకపోయాను. లైను వైపు తిరిగి, "కొంచెంసేపు ఓర్చుకోండమ్మా" అన్నాను.

బిడ్డను ఎత్తుకున్నామె అరవలేదు, తిట్టలేదు. బిడ్డను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుని మామూలుగానే అడిగింది.

"ఎంతసేపక్కా?"