స్మిత్, అదర్‌వైజ్ మెక్‌గౌవన్

రెండువేల పదమూడు చలికాలంలో నన్ను నాటింగ్‌హామ్‌కు ఉత్తరాన ఉన్న ఒక చిన్న పట్టణంలో డిప్యూటీ రిజిస్ట్రార్‌గా వేశారు. కౌన్సిల్ కింద నడిచే ఆఫీసు. ఊళ్ళో పుట్టుకలు, చావులు, పెళ్ళిళ్ళు అక్కడే రాస్తారు. అందరికీ పైన సూపరింటెండెంట్ రిజిస్ట్రార్, ఆమె కింద రిజిస్ట్రార్, ఆయన సెలవు పెట్టినప్పుడు ఆయన కుర్చీలో నేను. కాలేజీ మెట్లు ఎక్కినవాణ్ణి కాను. ప్రొద్దుటూరులో పదో తరగతితో చదువు ఆగింది. ఈ దేశం వచ్చాక ఫ్యాక్టరీ షిఫ్టు దిగి లైబ్రరీలో కూర్చుని ఇంగ్లీషు, చట్టం, పేర్ల చరిత్ర నేర్చుకున్నాను. డిగ్రీలున్నవాళ్ళు తప్పు చెబితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అందుకే ఈ మాట ముందే చెబుతున్నాను.

చావు నమోదుకు ఒక పద్ధతి ఉంది. డాక్టరు మరణ కారణం రాసి ఇస్తాడు. ఆ తరవాత దగ్గరి బంధువు ఒకరు మా ముందుకు రావాలి. ఆ మనిషిని మేము ఇన్‌ఫార్మెంట్ అంటాం. మేము అడుగుతాం, వాళ్ళు చెబుతారు, మేము కంప్యూటర్లో ఎక్కిస్తాం. ఇంటిపేరు మాత్రం పెద్ద అక్షరాల్లో ఎక్కించాలి. అచ్చు తీసి చదివించి, ఏళ్ళు గడిచేకొద్దీ నల్లబడే ప్రత్యేకమైన సిరాతో సంతకం పెట్టిస్తాం. అప్పుడు పూడ్చడానికి పచ్చకాగితం ఇస్తాం. శవం ఇంగ్లండు దాటి వెళ్ళాలంటే, పక్కనున్న స్కాట్లండుకైనా సరే, కరోనర్ అనే అధికారికి విడిగా తెలియజేయాలి.

ఆ రోజు వచ్చినావిడ పేరు మొరీన్ స్మిత్. స్కూలు వంటగదిలో పనిచేసి అప్పుడే రిటైరైంది. తండ్రి మైకేల్ ఆసుపత్రిలో పోయాడు. ఆమె వెంట గ్లాస్గో నుంచి వచ్చిన ముసలాయన హ్యూ. పోయినాయనకు సొంత అన్న. ఎనభై దాటిన వయసు, నిటారైన నడుము.

పోయినవారి ఇంటిపేరు ఏమిటని అడిగాను. ఇద్దరూ ఒకేసారి జవాబిచ్చారు. ఆమె స్మిత్ అంది. ఆయన మెక్‌గౌవన్ అన్నాడు.

ఇక్కడ ఆ పేరు గురించి చెప్పాలి. మెక్ అన్నా మాక్ అన్నా ఐర్లండు, స్కాట్లండుల పాత భాష గేలిక్‌లో కొడుకు. మెక్ ఐరిష్‌దనీ మాక్ స్కాటిష్‌దనీ చదువుకున్నవాళ్ళు కూడా వాదిస్తారు. శుద్ధ తప్పు. మెక్ అనేది మాక్‌కు పొట్టి రాత, అంతే. గౌవన్ అంటే కమ్మరి. ప్రతి ఊళ్ళోనూ కొలిమి ఉండేది కాబట్టి ఈ పేరు ఒకే వంశానిది కాదు. ఐర్లండులో డోనెగల్, లీట్రిమ్, స్లైగో వైపు ఎక్కువ. స్కాట్లండులో విడిగానూ పుట్టింది, పనికోసం సముద్రం దాటివచ్చిన ఐరిష్ వాళ్ళతోనూ వచ్చింది. అందుకే గ్లాస్గో చుట్టుపక్కల ఏ వీధిలోనైనా వినబడుతుంది. ఐర్లండులోనే కావన్ వైపు మాత్రం చాలా కుటుంబాలు ఇంగ్లీషువాళ్ళ పాలనలో దాన్ని స్మిత్ చేసుకున్నాయి. స్మిత్ అన్నా కమ్మరే కదా.

మైకేల్ కథ అంత పాతది కాదు. కుర్రతనంలో గని పనికి ఇక్కడికి వచ్చాడు. గది కోసం తిరిగితే కిటికీల్లో ఐరిష్ వాళ్ళకు లేదన్న బోర్డులు. గ్లాస్గోలో పుట్టానని చెప్పినా, పేరు వినగానే తలుపు వేసేవారట. నాలుగో తలుపో అయిదో తలుపో తట్టేటప్పటికి స్మిత్ అయ్యాడు. గది దొరికింది. ఆ పేరుతోనే పని, పెళ్ళి, పిల్లలు.

“నేను అబద్ధం ఆడలేదు, తర్జుమా చేశాను అనేవాడు నాన్న,” అంది మొరీన్.

“ఆ తర్జుమా మా నాన్నకు అర్థం కాలేదు పిల్లా,” అన్నాడు హ్యూ. “వాడి ఉత్తరాలు విప్పకుండా పొయ్యిలో వేసేవాడు.”

ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్కటే విషయం. చివరి రోజుల్లో మైకేల్ తనను గ్లాస్గోలో అమ్మ పక్కన పెట్టమని కూతుర్ని అడిగాడు. ఆ సమాధి హక్కు హ్యూ పేరున ఉంది. ఒకే గోతిలో ఒకరి మీద ఒకరిని పెట్టడం ఇక్కడ మామూలే కానీ, ఆయన సరే అంటేనే అది తెరుస్తారు. తమ్ముణ్ణి రానిస్తానన్నాడు, రిజిస్టరులో మెక్‌గౌవన్ అని ఉంటే. స్మిత్ అనేవాణ్ణి అమ్మ మీద పడుకోబెట్టనన్నాడు.

ఈ దేశంలో పేరు మార్చుకోవడానికి కాగితం కూడా అక్కర్లేదు. మోసం లేనంతవరకు వాడుక చాలు. కానీ చావు నమోదులో, పోయేనాటికి ఏ పేరుతో చలామణీ అయ్యాడో అదే ముందు రాయాలి. పుట్టుపేరు ఉంటే దాని వెనక అదర్‌వైజ్ అన్న మాట పెట్టి చేర్చవచ్చు. బోర్డులు పెట్టి ఒకడి పేరు ఊడబెరికిన దేశం, తిరిగి ఇమ్మంటే వెనక వరసలో నిలబడమంటోంది. నాకు కోపం వచ్చింది. పుట్టుపేరే ముందు రాయవచ్చా అని సూపరింటెండెంట్‌కు ఫోన్ చేశాను. చూసి చెబుతానంది.

ఆమె జవాబు వచ్చేలోగా హ్యూ నా బల్ల మీది పేరు పలక చూసి, ఇదెలా పలకాలని అడిగాడు. కమ్మరి, మా ఇంటిపేరు అన్నాను. ఇక్కడివాళ్ళు మిస్టర్ కెమెరా అంటారని కూడా చెప్పాను. అర్థం ఏమిటన్నాడు. చెప్పాను.

“అయితే నువ్వు మెక్‌గౌవన్‌వే,” అన్నాడు. “గది కోసం నువ్వేం పేరు చెప్పావు?”

“ఇదే. అందుకే మొదటి శీతాకాలం మా మేనమామ వంటింట్లో పడుకున్నాను.”

“చూశావా పిల్లా,” అన్నాడు మొరీన్ వైపు తిరిగి. “కెమెరా కూడా నిలబడ్డాడు.”

“ఆయనకు మేనమామ ఉన్నాడు, అంకుల్ హ్యూ,” అంది మొరీన్. “మా నాన్నకు అన్న ఉండేవాడు, గ్లాస్గోలో, మాట్లాడకుండా.”

ఆమె మాట సరైనదే. నన్ను కొలబద్ద చేసి చచ్చినవాణ్ణి కొలవడం నాకూ నచ్చలేదు.

ఫోన్ మోగింది. కుదరదు. స్మిత్ ముందు, అదర్‌వైజ్ మెక్‌గౌవన్ వెనక. ఎక్కించి, తెర వాళ్ళ వైపు తిప్పి చదివి వినిపించాను. హ్యూ ఆ మాట దగ్గర వేలు పెట్టి ఇదేమిటన్నాడు. రెండు పేర్లూ ఒకే మనిషివని అర్థం అన్నాను.

“కోర్టులో దొంగలకు పెట్టే మాట ఇది,” అన్నాడు.

కాదని చెప్పవలసినవాణ్ణి నేనే. కానీ ప్రొద్దుటూరు కోర్టు వరండాలో బంట్రోతు పిలిచే పిలుపులు నా చెవుల్లో ఉన్నాయి. ఫలానా అలియాస్ ఫలానా. అలియాస్ ఉన్నవాడు మర్యాదస్తుడని మా ఊళ్ళో ఎవరూ అనుకోరు. చట్టంలో ఆ అర్థం లేదని మాత్రం చెప్పాను. ఆ గొంతులో నమ్మకం లేదని ఆయనకు తెలిసిపోయింది.

“మా అమ్మ పక్కన కొడుకు పడుకుంటాడు. అదర్‌వైజ్ కాదు,” అన్నాడు. “వాడు పుట్టినప్పుడు నేను ఎత్తుకున్నాను. అప్పుడు వాడికి ఒక్కటే పేరు.”

మొరీన్ ఏడవలేదు. రెండో పేరు తీసెయ్యండి, ఆయన్ను కాదన్న పేరు వద్దు, ఆయనకు గది ఇచ్చిన పేరు చాలు అంది. ఇన్‌ఫార్మెంట్ వద్దన్నాక, చేర్చమని ఒత్తిడి చేసే అధికారం నాకు లేదు. తీసేశాను. సంతకం పెట్టింది. పచ్చకాగితం ఇచ్చాను. కరోనర్‌కు రాయవలసిన అవసరం లేకపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో చెబితే మా ఆవిడ ముద్ద కలుపుతూ నన్నే తిట్టింది.

“ఏందయ్యా, ఒగ మాట పట్టుకోని తల్లీ బిడ్డను యిడదీసినారా మీ ఆఫీసోళ్ళు?”

ఆఫీసుది కాదు, ఆ ముసలాయన పట్టుదల అన్నాను.

“ఆ యప్పకు పట్టుదల, మీకు రూలు. సచ్చిపోయినోనికి ఏముండాది మరి?”



మైకేల్‌ను మా పట్టణపు సిమెట్రీలోనే పూడ్చారు. అంత్యక్రియలు చేయించినాయన పని మీద మా ఆఫీసుకు వచ్చినప్పుడు చెప్పాడు. హ్యూ గ్లాస్గో వెళ్ళిపోలేదట. గొయ్యికి దూరంగా నిలబడి, ఫాదర్ నోట స్మిత్ అన్న పేరు వచ్చిన ప్రతిసారీ తనలో తాను మెక్‌గౌవన్ అని గొణుక్కున్నాడట. మొరీన్ విన్నది. తిరిగి చూడలేదు. మట్టి వేయడానికి పిలిస్తే మాత్రం ఆయన వచ్చి పిడికెడు వేశాడు.

రిటైరయ్యేదాకా ఆ పని చేశాను. ఆ కేసు తరవాత నా పద్ధతి ఒకటి మారింది. రెండు పేర్లున్న మనిషి చావు రాయవలసి వస్తే, తెర మీద చూపించే ముందే అదర్‌వైజ్ అన్న మాట నోటితో చెప్పి, దాని అర్థం వివరించి, ఇష్టమేనా అని అడిగేవాణ్ణి. చాలామంది తల ఊపేవారు. కొందరు వేరే మాట లేదా అని అడిగేవారు. లేదని చెప్పేవాణ్ణి. నిజంగానే లేదు. రిజిస్టరు మనిషిని ఏమని పిలిచారో అడుగుతుంది. అలా ఎందుకు పిలవవలసి వచ్చిందో అడిగే గడి అందులో లేదు.