మా అక్క బాగుచేసిన కంప్యూటర్

మొన్న మోండా మార్కెట్లో లేత చిక్కుడుకాయలు దొరికితే, అవి వాడిపోకముందే సైనిక్‌పురిలో మా అక్క ఇంటికి చేర్చాలని వెళ్లేసరికి, మా మేనకోడలు భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి పెట్టుకుని గోళ్లు కొరుక్కుంటోంది. ఇంజనీరింగ్ సీటుకు ఏ బ్రాంచి ముందు, ఏది తర్వాత అని వరసగా పెట్టడానికి ఆ సాయంత్రమే ఆఖరు గడువట. మామూలు కంప్యూటర్ సైన్సు ముందు పెట్టాలా, లేక ఏఐ కోసమే ప్రత్యేకంగా వచ్చిన కొత్త బ్రాంచి పెట్టాలా అన్నది దాని బాధ. నన్ను చూడగానే దాని ముఖం వెలిగిపోయింది.

"మామ సుత స్పెషల్ కోర్సే చదివిండు. గందుకే ఆ రోజు తాత ప్రెస్సుల కంప్యూటర్‌ని ఒక్కడే బాగుచేసిండు. మమ్మీ, నేను స్పెషలే ఫస్ట్ పెడ్తున్న!"

వంటింట్లో అక్క గరిట చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైంది. నా చేతిలో సంచి మాత్రం ఉన్నట్టుండి బరువెక్కింది.

మీలో నా ఈడువాళ్లకు తెలిసే ఉంటుంది, వయసు పెరిగేకొద్దీ చిన్ననాటి సంగతులకు సాక్షులు తగ్గిపోతారు, అదొక సౌకర్యం. ఆ సౌకర్యంతో నేను ఆ కంప్యూటర్ కథను ఏటా కాస్త కాస్త పెంచుతూ వచ్చాను. మొదట్లో మానిటర్ ఆగిపోయిందన్నాను, తర్వాత పొగ వచ్చిందన్నాను, ఈ పిల్ల ఎనిమిదో తరగతికి వచ్చేనాటికి నేను వైరును పళ్లతో కొరికి అతికించే దాకా వెళ్లింది వ్యవహారం. దాన్ని నమ్ముకుని ఒక పిల్ల తన నాలుగేళ్ల చదువు ఎంచుకుంటుందని ఎవరనుకున్నారు?

రాంగోపాల్‌పేట్‌లో మా నాయనది పెళ్లికార్డుల ప్రెస్సు. ముందుగదిలో మిషను, వెనకగదిలో సంసారం, అన్నంలో కూడా సిరావాసన. మిషను నుంచి వచ్చిన తొలి కార్డుకు నాలుగు మూలలా పసుపు అద్ది, దేవుడి పటం ముందు క్షణం పెట్టి, పెళ్లివారి చేతికివ్వడం ఆయన పద్ధతి. ఆ పసుపు పడందే మిగతా కార్డుల కట్ట ఇచ్చేవాడు కాదు. కంప్యూటర్లు వస్తున్నాయని తెలిసి పాతదొకటి కొన్నాడు, అదే ఏడు అక్కా నేనూ డిగ్రీలో చేరాం. అక్క నాకంటే ఏడాది పెద్దదే కానీ, ఇంటర్‌లో ఇంకో ఏడాది ఉండమని పరీక్షలవాళ్లు నన్ను బతిమాలడంతో ఇద్దరం కలిసిపోయాం.

అచ్చుపనికే పనికొచ్చేలా ఒక కంప్యూటర్ డిగ్రీ కొత్తగా పెట్టారు. ఇద్దరినీ దాంట్లోనే చేరమన్నాడు నాయన. నేను సరేనన్నాను, అక్క మాత్రం మామూలు కంప్యూటర్ డిగ్రీయే కావాలంది.

"గదేం చదువు బిడ్డా, ఫలానా పని అని చెప్పుకోనీకి లేదు?"

"నాయినా, ఈ మిషను పోయి రేపు ఇంకోటొస్తది. ఏదొచ్చినా లోపట ఏం నడుస్తదో నాకు తెల్వాలె."

అక్క కాలేజీలో కంప్యూటర్ ముందు కూర్చునే వంతు వారానికి ఒక్క గంట. మిగిలిన వారమంతా ప్రోగ్రాములు నోటుపుస్తకంలో రాసుకుని, పెన్సిలు కొసతో ఒక్కో వరసా నడిపించి చూసుకునేది. కళ్లతోనే మిషను నడిపే మనిషిని నేను అప్పుడే చూశాను, మళ్లీ చూడలేదు.

మాఘమాసం, ముహూర్తాల రద్దీ. పెళ్లికూతురి తండ్రి కార్డుల కోసం ప్రెస్సులో కూర్చుని ఉన్నాడు. నేను ఎన్నిసార్లు నొక్కినా ప్రింటర్ ఉలకదు, పలకదు. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను, దుమ్ము తుడిచాను, దండం కూడా పెట్టాను. ఏ బటన్ ఎక్కడుందో నా కోర్సు నేర్పింది కానీ, బటన్ మాట వినకపోతే ఏం చెయ్యాలో చెప్పలేదు. అంతలో అక్క కాలేజీ నుంచి వచ్చింది, భుజం మీది సంచి కూడా దించకుండా అడిగింది.

"నిన్న మంచిగనే ఉండె గద. ఇయ్యాల దీంట్ల కొత్తగ ఏం పెట్టినవ్‌రా?"

నేను తుడిచిన దుమ్మునే మళ్లీ తుడవసాగాను. అక్క ఒక పాడైన కార్డు వెనక పెన్సిలుతో గళ్లు గీసి, తీగ బాగుందా, ప్రింటర్ బాగుందా, కార్డు ఫైలు బాగుందా అని ఒక్కొక్కటే చూసి కొట్టేస్తూ వచ్చింది. చివరికి ఒక్క గడి మిగిలింది. కార్డును ప్రింటర్‌కు పంపే ముందు కాస్త సర్దుకోవడానికైనా కంప్యూటర్‌లో జాగా లేదు. ఆ జాగానంతా ఆక్రమించినవి, పొద్దున స్నేహితుడి దగ్గర తెచ్చి నేను దాచుకున్న కార్ల పందెం ఆటలు. అక్క నా వైపు ఒక్క చూపు చూసి, నాయన వైపు తిరిగింది.

"దీని కడుపు నిండింది నాయినా, జెర ఖాళీ చేస్తే నడుస్తది. తమ్ముడు చేస్తడు."

నా ఆటలను నా చేతనే చెరిపించింది. ప్రింటర్ దగ్గి, కదిలింది. నాయన తొలి కార్డుకు పసుపు అద్ది, అదే చేత్తో నా భుజం తట్టి, నా కొడుకు స్పెషల్ కోర్సు చదువుతుండు అని పెళ్లివారితో గొప్పగా చెప్పాడు. నా కథ పుట్టింది అక్కడే. అక్క ఆ రోజు ఖండించలేదు, ఆ తర్వాతా ఖండించలేదు.

ఇదంతా మొన్న మేనకోడలికి ఆటలతో సహా చెప్పేశాను.

"అంటే మమ్మీ చెప్తే నువ్వు డిలీట్ కొట్టినవ్, గంతేనా? మరి పొగ?"

"పక్కింటోళ్ల పోపుది బిడ్డా."

వంటింట్లో నవ్వు వినిపించింది. "ఎప్పుడు చెప్తడా అని ముప్పై ఏండ్ల సంది చూస్తున్న!"

అయితే ఒక పెళ్లికార్డును కంటికింపుగా కూర్చడం అక్కకు ఏనాడూ చేతకాలేదు, నా చదువు నాకు చాలా ఏళ్లు అన్నం పెట్టింది, అదీ చెప్పాను. పిల్ల వంటింటి వైపు తిరిగి తల్లిని అడిగింది.

"మరి నీకప్పుడు ఏం పని చేస్తవో తెల్సా మమ్మీ?"

"తెల్వదు. తెల్వకనే అన్నిట్ల వేలు పెట్టనిచ్చే చదువు తీసుకున్న."

"నాకు సుత ఇంకా తెల్వదు" అంటూ మామూలు బ్రాంచిని పైకి జరిపి, గడువుకు గంట ముందే ముగించేసింది. తెలియదని అంత నిబ్బరంగా చెప్పడం ఆ వయసులో నాకు రాలేదు.

మా ప్రెస్సున్న చోట ఇప్పుడు ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. శుభలేఖలు ఫోన్లోకే వస్తున్నాయి, పసుపు అద్దడానికి వాటికి మూలలే లేవు. ఈమధ్య చుట్టాలు కలిసినప్పుడల్లా నేను అసలు సంగతే చెబుతున్నాను, మామ కొత్త కథ షురూ చేసిండని నవ్వుతున్నారు. వాళ్లు నమ్మకపోయినా ఫరవాలేదు. నమ్మాల్సిన మనిషి నాయన ఒక్కడే, ఆయన ఇప్పుడు లేడు. ఆనాడు ప్రెస్సులో నా చొక్కా మీద అంటిన పసుపు అక్క భుజాన అంటాల్సింది.