సినిమాహాల్లో మాసయ్య

వనపర్తి డిపోలో ఏళ్ల తరబడి బస్సు నడిపి పదవీ విరమణ చేసిన మాసయ్య సినిమాహాల్లోనూ నిటారుగానే కూర్చుంటాడు. తెరమీద బండి మలుపు తిరిగితే ఆయన భుజాలూ తిరుగుతాయి. అడ్డమేదైనా వస్తే కుడికాలు ముందు కుర్చీని తొక్కుతుంది. ఆట నడుస్తుండగానే పైకి అభిప్రాయాలు చెప్పడం మరో అలవాటు. అందుకే భార్య దేవమ్మ ముందే హెచ్చరించింది: “ఈసారి నోరు తెరిస్తే, ఇగ జన్మల నీతోని సినిమాకు రాను.”

బ్యాంకు దోచిన దొంగలను కారులో తప్పించే డ్రైవరు కథ అది. మాసయ్య పెదవులు బిగించి ఓర్చుకున్నాడు. కానీ ఒక దొంగ ఇంకా వెనుక నుంచి పరుగెత్తుకొస్తుండగానే కారు కదలడంతో లేచి నిలబడ్డాడు. “జర ఆపు బిడ్డా, ఇంకొకడు ఎక్కలే.”

హాలంతా గొల్లున నవ్వింది. మాసయ్య బెరుకుగా భార్య వైపు తిరిగాడు. “ఇగ రావా?”

దేవమ్మ చూపు తెరమీదే ఉంది. కారు వెనక్కి వచ్చి ఆ దొంగను ఎక్కించుకున్నాక, భర్త చొక్కా పట్టి లాగింది.

“ఎక్కిండు గద, ఇగ కూసో. వాడెక్కుతడో లేదోనని నాకు సుత రంధే పట్టింది.”