బుస కొట్టని పాము

ఆ రికార్డింగ్ స్టూడియోలో ఆయన్ని అందరూ బుసాయన అనే పిలుస్తారు. టీవీ సీరియళ్ళలో పాము కనిపించినప్పుడల్లా ఇల్లు దద్దరిల్లేలా వినిపించే బుస ఆయనదే మరి. సైకిల్ ట్యూబులో గాలి నింపి, వాల్వు దగ్గర వేలు అదిమి కొద్దికొద్దిగా వదులుతూ, దానికి తన పళ్ళసందుల్లోంచి ఇంకాస్త ఊపిరి జోడించేవాడు. తెర మీద ఆడేది రబ్బరు పామైనా సరే, ఆ చప్పుడుకి చూసేవాళ్ళ ఒళ్ళు జలదరించేది. నిజం పామును మాత్రం ఆయన దగ్గర్నుంచి చూసిన పాపాన పోలేదు.

"బుసలన్నీ అక్కడే ఒలకబోసి వస్తారు. ఇంట్లో అడిగినదానికి జవాబుండదు" అని భార్య దెప్పేది.

ఆయన పనిని నెత్తిన పెట్టుకుని ఊరేగింది అక్క ఒక్కతే. పక్క వీధిలో ఆవిడది బట్టలు కుట్టే కొట్టు. తమ్ముణ్ణి పెంచి పెద్దచేసింది ఆ కుట్టుపనితోనే. సీరియల్ వచ్చే వేళకి కత్తెర పక్కన పడేసి, కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళని కూడా టీవీ ముందు కూర్చోబెట్టేది. "వినండి, మావాడే" అని మురిసిపోయేది.

ఒక సాయంత్రం ఆ కొట్టు వెనకగదిలో, గుడ్డపీలికల మూట పక్కన, పాము చుట్ట చుట్టుకుని పడుకుంది. అక్క దాన్ని చూసింది. కాసేపు నిలబడి చెవి ఒగ్గి విన్నది. ఏ చప్పుడూ లేదు. దాని మానాన అది ఉందిలే అనుకుని మూట మీద చెయ్యి వేసింది.

ప్రాణం దక్కింది గానీ, కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ తీసేయాల్సి వచ్చింది. ఇక కత్తెర పట్టలేదు.

"చూసి కూడా ఎందుకెళ్ళావక్కా?" అన్నాడు తమ్ముడు ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని.

"అది బుస కొట్టలేదురా. కోపంలో లేదనుకున్నాను."

కట్టు మారుస్తున్న డాక్టరమ్మ తలెత్తింది. "చాలా పాములు ఏ చప్పుడూ చెయ్యవమ్మా. మీరు తాకితే బెదిరి కరిచి ఉంటుంది" అంది.

బుసాయనకి అప్పుడర్థమైంది. తను ఇన్నేళ్ళూ ఇంటింటా వినిపించిన మాటే అక్క నమ్మింది. పరాయివాళ్ళు నమ్మినందుకు పొంగిపోయిన మనిషి, ఇప్పుడు అక్క ముఖం చూడలేకపోయాడు.

స్టూడియోకి వెళ్ళి డైరెక్టరు కాళ్ళావేళ్ళా పడ్డాడు. "ఒక్క సీనులో పామును ఊరికే వదిలేయండి సార్. బుస వద్దు."

"టీవీ పాడైందనుకుంటారయ్యా జనం" అన్నాడు డైరెక్టరు. పోరు పడలేక చివరికి సరేనన్నాడు.

ఆ సీను వచ్చే రోజు బుసాయన అక్క పక్కనే కూర్చున్నాడు. ఇది చూశాకైనా అక్క భ్రమ వదులుతుందని ఆశ. తెర మీద పాము గడప దాటింది, పసివాడు పడుకున్న ఊయల కిందకి పాకింది, అంతా నిశ్శబ్దంగా. కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అక్క కళ్ళప్పగించి చూసింది. తర్వాత హాయిగా వెనక్కి వాలింది.

"పిల్లవాడికేం కాదులేరా," అంది తమ్ముడితో, "ఇది మంచి పాములా ఉంది."