మెషీన్లు మౌనంగా ఉండే గంటన్నర

ఆఫీసులో నా పని కాపలా. కాపలా కాసేది కంప్యూటర్లను, అవి కూడా అసలు కంప్యూటర్లు కావు. ఒకే ఇంట్లో నాలుగు కుటుంబాలు వాటాలేసుకుని ఉన్నట్టు, ఒక పెద్ద సర్వరులో బోలెడన్ని ఉత్తుత్తి కంప్యూటర్లు కాపురం ఉంటాయి. వాటినే వర్చువల్ మెషీన్లంటారు. తాను చేసిందీ, తనను ఎవరేం చేసిందీ ప్రతి మెషీనూ ఎప్పటికప్పుడు లాగ్‌లో రాసుకుంటుంది. ఆ రాతలన్నీ ఒకచోట చేర్చి, చదివి, ఎక్కడ తేడా కొడుతోందో చెప్పే సాఫ్ట్‌వేరు ఒకటుంది. మెల్‌బోర్న్‌లో మా కంపెనీ చేత దాన్ని పట్టుబట్టి పెట్టించింది నేనే. నా వీసా కూడా ఆ కంపెనీదే. సాఫ్ట్‌వేరు కుదురుకుంటే ఉద్యోగం పర్మనెంటు చేస్తామన్నారు. ఆ మాట మీదే మేం ఊరి శివారున క్లైడ్ నార్త్‌లో ఇల్లు చూసుకున్నాం.

ఒకరోజు మేనేజరు నా బల్ల దగ్గరికి వచ్చింది. ఆవిడ ఇక్కడి మనిషే, మాట తక్కువ. మెషీన్లలో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే గ్రాఫును తెర మీద పెట్టి, "నీ సాఫ్ట్‌వేరు లాగ్స్ మింగేస్తోంది" అంది.

చూస్తే అలాగే ఉంది. రోజుకో గంటన్నర పాటు గీత నేలకంటుకుపోతోంది. ఆ సమయంలో ఎవరూ ఒక్క మెషీనునూ రీస్టార్ట్ చేయలేదు, ఒక్క సెట్టింగూ మార్చలేదు. పోనీ రోజూ ఒకే వేళా అంటే అదీ కాదు. సోమవారం ఆఫీసు మొదలవుతూనే, మంగళవారం మధ్యాహ్నం టీ వేళకి, శుక్రవారం భోజనానికి ముందు.

"లాగ్స్ పోగొట్టే సాఫ్ట్‌వేరు నాకొద్దు. ఈ వారంలో కారణం చెప్పు" అని వెళ్ళిపోయింది. సాఫ్ట్‌వేరు వద్దంటే దాన్ని తెచ్చినవాడూ వద్దని ఆవిడ అనలేదు. అనక్కర్లేదు కూడా.

నెట్‌వర్క్ చూశాను, డిస్కులు చూశాను. ఏ లోపమూ లేదు. "నేను బతికే ఉన్నాను" అని మెషీన్లు తమంతట తాము పంపే కబుర్లు ఆ గంటన్నరలో కూడా పొల్లుపోకుండా వస్తున్నాయి. కనబడనిది మనిషి చెయ్యే. వారాలూ వేళలూ ఒక కాగితం మీద రాసుకుని, ఇంటికి తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ పోపు వేస్తూ ఒక్కసారి తొంగి చూసింది.

"ఇవి రాహుకాలాలు కదండీ. కాస్త అటూ ఇటూగా ఉన్నాయి, అంతే. వీటినెందుకు రాసుకున్నారు?"

అంత సాఫ్ట్‌వేరు పెట్టించినందుకు నాకు చాలా సిగ్గేసింది.

మేనేజరు తప్ప మా టీములో అందరమూ తెలుగువాళ్ళమే. మర్నాడు టీముకి పెద్దదిక్కయిన నెల్లూరాయనను అడిగాను.

"ఏందబ్బాయ్, తెలిసి తెలిసీ రాహుకాలంలో ఎవుడన్నా మెషీన్ రీస్టార్ట్ చేస్తాడా? ఒకసారి అట్నే అప్‌గ్రేడ్ చేస్తే అది మళ్ళీ లెయ్యలా. పంచాంగం యాప్‌లో మెల్‌బోర్న్ అని పెట్టుకుని చూడాల. ఇండియా టైము పెట్టుకోబాకు."

పక్క సీటు గుంటూరాయన ప్రతి ఆదివారం చర్చిలో పాటలు పాడే మనిషి. ఆయన మార్పులు కూడా ఆ వేళల్లో ఒక్కటీ లేవు. మీకేమిటండీ అన్నాను.

"మాకిట్టాంటి పట్టింపుల్లేవండీ. కానీ ఆ టైములో నేను ముట్టుకుని అది పోయిందనుకోండి, మీరందరూ కలిసి నా మీద పడతారు. నాకెందుకొచ్చిన గొడవండీ?"

ఎందుకైనా మంచిదని లాగ్స్‌లో నా పేరు కూడా వెతికాను. ఆ గంటన్నరల్లో నేనూ ఎక్కడా లేను. నాకు అలాంటి నమ్మకాలు లేవు. కాకతాళీయం అయ్యుంటుంది.

మేనేజరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఇంగ్లీషులో చెబుతుంటే నా చెవులకే అదోలా ఉంది. ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు.

"అంటే సాఫ్ట్‌వేరు బాగానే ఉంది."

"బాగానే ఉంది."

"నువ్వూ నమ్ముతావా?"

"అస్సలు నమ్మను" అన్నాను, అవసరమైన దానికంటే కాస్త గట్టిగా.

"మా నాన్న, తన ఫుట్‌బాల్ టీము గెలుస్తున్నన్నాళ్ళూ సాక్సులు ఉతకనిచ్చేవాడు కాదు. మీది నయం, వాసన రాదు. ఆ వేళలు టీము కేలండర్‌లో పెట్టేయ్" అంది. పెట్టేశాను.

కొన్నాళ్ళకు హెచ్చార్ నుంచి కబురు వచ్చింది. ఉద్యోగం పర్మనెంటు, మంగళవారం వచ్చి సంతకం పెట్టాలి. వేళ చూస్తే రాహుకాలం. హెచ్చార్ ఆవిడ మా కేలండర్ తెరిచి, ఎవరికీ పని ఉండని గంటన్నర ఒకటి కనబడితే సరిగ్గా అందులోనే నన్ను పెట్టింది.

"మార్చమని అడగండీ" అంది మా ఆవిడ.

"నమ్మనని చెప్పొచ్చాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగను?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. భయం వేసింది. దేనికని అడిగితే చెప్పలేను.

మంగళవారం వెళ్ళాను. గదిలో హెచ్చార్ ఆవిడ, పక్కన మా మేనేజరు. కాగితాలు నా ముందుకు జరిపి, పెన్ను ఇచ్చారు. చదివి పెడతానన్నాను. సెలవుల నియమాలు చదివాను. మళ్ళీ చదివాను. వ్రతకథను కూడా నేనంత శ్రద్ధగా ఎన్నడూ వినలేదు. హెచ్చార్ ఆవిడ వాచీ చూసుకుంది. నేను పేజీ తిప్పక తప్పలేదు.

అప్పుడు మా మేనేజరు ఆవిడ వైపు తిరిగి, శనివారం మ్యాచ్ ఎలా ఉందని అడిగింది. ఇద్దరివీ వేర్వేరు టీములట. అంపైరు చేసిన అన్యాయం దగ్గర మొదలుపెట్టింది. రోజంతా కలిపి పది మాటలు మాట్లాడని మనిషి, ఆపకుండా మాట్లాడింది. హెచ్చార్ ఆవిడ కూడా ఊరుకోలేదు. వాళ్ళు వాదించుకుంటున్నంతసేపూ నేను రిటైరయ్యాక వచ్చే సొమ్ము గురించిన పేజీ చదువుతూ కూర్చున్నాను.

మా మేనేజరు మాట మధ్యలో ఆగి, తన ఫోను చూసుకుంది. కాగితాలు నా ముందుకు సర్దింది.

"అయిపోయింది. ఇక పెట్టు" అంది.

నాకలాంటి నమ్మకాలు లేవని మళ్ళీ చెప్పబోయాను. సంతకం పెట్టాను.