చీటీ మీద చైనా

మా కోట్ల దుకాణంలో అసలు పేరుతో బతికినవాడు లేడు. ఇస్త్రీ చేసేవాడు బొగ్గు, మిషన్ల దగ్గరి పొడుగాయన నిచ్చెన. ఆ పేర్లన్నీ పెట్టింది కటింగ్ మాస్టర్నైన నేనే. నా నోరు అలాంటిది. గుండీల కాజాలు కుట్టడానికి అతను చేరిన రోజే, ఆ కళ్ళు చూసి "చైనా" అనేశాను.

"మాది చైనా కాదు మాస్టారూ," అని తన దేశం పేరు చెప్పాడు.

"అటుపక్కదేగా! సర్దుకుపోవయ్యా," అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వాడు కదా, ఇంకేం అనుకున్నాను.

తొమ్మిదేళ్ళు పనిచేశాడు. దారానికి మైనం రాసి, తల ఎత్తకుండా, అంత నున్నగా కాజా కుట్టినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. ఏ కోటుకి ఏ పని ఎవరు చేశారో తెలియడానికి లోపల చీటీ గుచ్చడం మా పద్ధతి. అతని చీటీల మీద "చైనా" అనే రాసేవాణ్ణి. ఓసారి మా ఆవిడ, "పాపం, అతని పేరేంటండీ?" అంది. "చైనా ఏమన్నా బూతా? దేశం పేరేగా!" అని కసురుకున్నాను. అడిగినదానికి మాత్రం జవాబు చెప్పలేదు. తెలిస్తేగా!

పనివేళల్లో సెల్‌ఫోన్లు బీరువాలో పెట్టించేదీ నేనే. ఓ మధ్యాహ్నం దుకాణం ఫోన్ మోగింది. ఎవరో ఆడమనిషి ఓ పేరు చెప్పి, ఉన్నాడా అని అడిగింది.

"అలాంటివాళ్ళెవరూ లేరమ్మా," అని పెట్టేశాను.

మళ్ళీ చేసింది. మళ్ళీ అదే పేరు. "మా అన్నయ్యండీ, అక్కడే పనిచేస్తాడు. అమ్మకి బాగా సీరియస్‌గా ఉంది, వాణ్ణే పిలుస్తోంది."

"ఎన్నిసార్లు చెప్పాలి? లేడంటే లేడు!" అని విసుక్కున్నాను. ముందు ఖరీదైన గుడ్డ సగం కోసి ఉంది మరి. నాలుగడుగుల అవతల, మిషన్ల చప్పుడులో, అతను కాజా కుడుతున్నాడు.

వాళ్ళమ్మ ఉండే చెల్లెలి ఇల్లు బస్సులో అరగంట దూరం. సాయంత్రం బీరువాలోంచి ఫోన్ తీసి చూసుకుని చెప్పుల్లేకుండా పరుగెత్తాడు. అప్పటికే అంతా అయిపోయింది.

పదో రోజున, పని మానేసి తన సూదుల డబ్బా తీసుకెళ్ళడానికి వచ్చాడు. కత్తెర పక్కన పెట్టి అతని దగ్గరికి వెళ్ళాను. "ఆ ఫోనెత్తింది నేనేనయ్యా," అన్నాను.

"తెలుసు మాస్టారూ," అన్నాడు డబ్బా మూత బిగిస్తూ. కోప్పడనైనా లేదు. "చెల్లెలు అన్నయ్యా అంటుంది. పిల్లలు నాన్నా అంటారు. మా ఆవిడ ఏమండీ అంటుంది. నన్ను పేరు పెట్టి పిలిచేది మా అమ్మ ఒక్కతే."

మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆపి, తప్పైపోయిందని చెప్పాలని కిటికీ దగ్గరికి ఉరికాను. అప్పటికే వీధి మలుపు దాకా వెళ్ళాడు, గట్టిగా పిలిస్తే ఆగేవాడే. చెల్లెలు రెండుసార్లు చెప్పిన ఆ పేరు కోసం ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. నోటి చివరిదాకా వచ్చింది చైనా ఒక్కటే. కిటికీ ఊచ పట్టుకుని, అతను మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడిపోయాను.